కొవ్వొత్తి అందని మనిషి

ఫిబ్రవరి పొగమంచు ఆ రోజు జిల్లా ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చేసింది. రిజిస్ట్రేషన్ హాల్లో రెండో కిటికీ వెనక స్మరాందా ఎప్పటిలాగే కూర్చుంది. తెరల మీద మాత్రం రోగుల పేర్లు లేవు. ఏ మూల దేశంలోనో కూర్చుని ఎవరో ఆసుపత్రి కంప్యూటర్లన్నిటికీ తాళం వేశారు. సొమ్ము పంపితేనే తీస్తామని ప్రతి తెర మీదా ఒకటే నోటీసు. ఎవరు ఏ మంచం మీదున్నారో చెప్పే దిక్కు లేదు.

పల్లె నుంచి మొదటి బస్సులో ఆగ్లాయా వచ్చింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. తండ్రి తోదెర్‌కి ఊపిరితిత్తుల జబ్బు. ఆఖరి ఘడియలని తెల్లవారుజామున నర్సు ఫోన్ చేసిందట, వార్డు చెప్పేలోపే తెగిపోయిందట, తిరిగి చేస్తే ఎత్తేవాళ్లే లేరట. ఆవిడ గుప్పిట్లో పసుప్పచ్చ మైనపు కొవ్వొత్తి ఉంది. రుమేనియాలో మా వైపు పోయేవాళ్ల చేతిలో వెలుగు పెట్టి పంపుతాం. లేకపోతే దారి కనపడక తిరుగుతూనే ఉంటారు. ఆసుపత్రిలో మంట నిషేధమే, కానీ ఆ ఒక్క నిమిషం నర్సులు కిటికీలోంచి బయటికి చూస్తారు.

"మా నాన్న ఏ అంతస్తు, తల్లీ?"

"నాలుగు, అక్కా" అంది స్మరాందా.

తెలిసి కాదు. ఊపిరితిత్తుల వాళ్లు ఎప్పుడూ నాలుగే కదా అని. వెనక పెద్ద వరుస, కాగితాలు వెతికితే పావుగంట. నాలుగు నిండిపోయి తోదెర్‌ని రెండులో పడుకోబెట్టారని ఆ కాగితాల్లోనే ఉంది.

లిఫ్టు స్ట్రెచర్లకే. ఆగ్లాయా మెట్లెక్కింది, వార్డంతా వెతికింది, ఒక్కో అంతస్తూ అడుగుతూ దిగింది. రెండో అంతస్తు చేరేసరికి తండ్రి చెయ్యి చల్లబడిపోయింది. వెలిగించని కొవ్వొత్తితో కిందికొచ్చి, కిటికీ ముందు నుంచే బస్సుకి వెళ్లిపోయింది. ఒక్క మాట తిట్టి ఉంటే స్మరాందాకి కాస్త నిద్ర పట్టేదేమో.

పదకొండు రోజులకు తాళాలు వీడాయి. స్మరాందా మొదట వెతికింది తోదెర్ పేరే. మరణం నమోదై ఉంది. దాని కింద ఇంకో వరుస... బదిలీ, నాలుగో అంతస్తు. మర్నాడు మూడు. తర్వాత ఎక్స్‌రే గది. మళ్లీ నాలుగు. అన్నీ కంప్యూటర్లు మూగబోయిన రోజుల తేదీలే. కంప్యూటర్ ఇంజనీరు చూసి, ఫైలు పాడైందని చెరిపేశాడు. తెల్లారేసరికి మళ్లీ ఉన్నాయి. ముసలాయన అంతస్తు అంతస్తూ కూతురి కోసం తిరుగుతున్నాడని అర్థమై స్మరాందాకి ఏడుపాగలేదు.

ఆయన పోయిన నలభయ్యో రోజు సాయంత్రం, మా ఆచారం ప్రకారం, ఆగ్లాయా తండ్రి పేరిట ఉడికించిన తీపి గోధుమలు పంచుతూ కిటికీ దగ్గరికీ వచ్చింది. స్మరాందా తప్పు ఒప్పుకుంది.

"తెలియకపోయినా తెలిసినట్టు చెప్పానక్కా."

"నీ మీద కోపం పెట్టుకుని ఏం చేసుకోను తల్లీ. ఆయనకి చీకటంటే భయం. అదే నా బాధ."

గిన్నె ఖాళీ చేసుకుని ఆవిడ ఎదురుగా ఉన్న బస్టాపులో కూర్చుంది.

హాలు ఖాళీ అయింది. ఎక్కడిదో మైనం వాసన... తెర మీద కొత్త వరుస వచ్చింది. బదిలీ: రిజిస్ట్రేషన్, రెండో కిటికీ.

స్మరాందా తల ఎత్తలేదు. కిటికీ అద్దానికి అటువైపు ఎవరో ఆయాసపడుతున్నారు. అద్దం మసకబారింది.

"అమ్మాయ్... మా ఆగ్లాయా ఏ అంతస్తు?"

ఈసారి ఊహించి చెప్పకూడదు. ఆ పేరు ఇక్కడ లేదని చూపించి పంపేద్దామని, కంప్యూటర్లో కొట్టింది.

ఉంది. రెండో అంతస్తు. తండ్రి పోయిన మంచమే. చేర్చుకున్న సమయం, ఈరోజు సాయంత్రం ఐదూ పది.

గోడ గడియారంలో ఇంకా ఐదు కాలేదు. బయట బస్టాపులో ఆగ్లాయా నల్ల తలగుడ్డ సర్దుకుంటోంది. ఒళ్లో అదే కొవ్వొత్తి, ఇంకా వెలిగించనిదే.