తగ్గిన బరువు

లెనార్డ్ హాబ్స్ శవం కారులో లేదు. చెట్టు మొదట్లోనూ లేదు. రెండింటికీ మధ్య ఉంది.

ఆదివారం ఉదయం పదిన్నర. యార్క్‌షైర్‌లో హారోబెక్ కొండ. సన్నగా జల్లు పడుతోంది. ఒక్కొక్క కారే గడియారంతో పోటీపడి కొండెక్కే పందెం అది. రెండో మలుపు దగ్గర లెనార్డ్ బ్రేక్ తొక్కాడు. ఎడమవైపు ముందు బ్రేకు ఊడి చక్రంలో ఇరుక్కుంది. కారు మలుపు తిరగలేదు. ఎదురుగా ఉన్న చెట్టు పక్కకి జరగలేదు.

ఇన్‌స్పెక్టర్ హెస్టర్ క్రాగ్ వచ్చేసరికి క్లబ్బువాళ్ళు శవం మీద టార్పాలిన్ కప్పారు. దాని పక్కనే నిలబడి టీ తాగుతున్నారు. ఒకాయన శాండ్‌విచ్ కూడా తింటున్నాడు.

హెస్టర్‌కి యాభై రెండేళ్ళు. జాలి తక్కువ. ఓపిక ఇంకా తక్కువ.

"ఈ బండి ఏ కంపెనీది?" అని అడిగింది.

"కంపెనీ కాదు మేడమ్, కిట్ కారు. పెట్టెల్లో విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకుంటాం." చెప్పినవాడు నైజెల్ స్టోక్. పందేనికి ముందు ప్రతి కారునీ పరీక్షించి పంపే క్లబ్బు అధికారి.

"ఈ బ్రేకు ఎవరు బిగించారు?"

"కూతురు. తామ్సిన్. బ్రేకుని పట్టి ఉంచే బోల్టులు చక్రానికి రెండేసి. ఇక్కడ ఒకటి జారి ఎక్కడో పడిపోయింది. భారమంతా రెండోదాని మీద పడి అది తెగింది. అంటే అమ్మాయి సరిగ్గా బిగించలేదు."

"మీరు చూళ్ళేదా?"

"పసుపు పెయింటు గీత ఉంది మేడమ్. బిగించాక బోల్టు మీద గీత గీస్తారు. మేం గీత చూస్తాం."

"బిగువు చూడరు?"

నైజెల్ టీ కప్పులోకి చూశాడు.

సార్జెంట్ రీస్ హెస్టర్ చెవి దగ్గరికి వంగాడు. "నిర్లక్ష్యం వల్ల మరణం. కేసు పెట్టడానికి ఇంకేం కావాలి మేడమ్? వాన పెరుగుతోంది."

తామ్సిన్ అంబులెన్స్ మెట్టు మీద కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్ళు. బక్కపలచటి మనిషి. కళ్ళలో తడి లేదు.

"బిగించావా?" హెస్టర్ అడిగింది.

"బిగించాను. గురువారం సాయంత్రం. గరాజ్‌లో బల్ల మీద పెట్టి."

"ఖాయమా?"

"బిగువు సరిపోగానే రెంచ్ టిక్కుమంటుంది. నాలుగు బోల్టులకీ టిక్కుమంది. అనుకుంటా."

"అనుకుంటావా?"

"నాన్న నెత్తి మీద నిలబడి తిడుతూనే ఉన్నాడు. నీవి చేతులా వెన్నముద్దలా అని. నా చేతులు వణికాయి. ఇప్పుడు మీరు గుచ్చి అడిగితే నాకే నమ్మకం కుదరడం లేదు." ఆమె తలెత్తింది. "మా నాన్నని నేనే చంపానా మేడమ్? అదొక్కటి చెప్పండి. తర్వాత జైల్లో వేసుకోండి."

"తెలిస్తే చెప్తాను," అంది హెస్టర్. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. అది ఆమెకి రాదు.

హెస్టర్ టీ టెంటులోకి వెళ్ళింది. అక్కడ క్లైవ్ మార్డెన్ రెండు కుర్చీలు కలిపి వేసుకుని కూర్చున్నాడు. భారీ మనిషి. పంతొమ్మిదేళ్ళు లెనార్డ్ కారునే పంచుకున్నాడు. ఈ పందేల్లో అది మామూలే. ఒకే కారు, ఇద్దరు డ్రైవర్లు. ఒకరు ఎక్కి వచ్చాక మరొకరు. ఈ ఏడాది క్లైవ్ చోటు తామ్సిన్‌ది.

"మిమ్మల్ని ఎందుకు తీసేశాడు?"

"వాడి కారు, వాడిష్టం."

"కోపం లేదా?"

"వాడి పిచ్చి చూస్తే నవ్వొచ్చేది మేడమ్. స్ప్రింగు మోసే బరువు వేరురా, స్ప్రింగుని తన్నే బరువు వేరురా అనేవాడు. చక్రం, బ్రేకు ఉంటాయే, అవి స్ప్రింగుకి కింద వేలాడతాయి. అవి తేలికైతే టైరు రోడ్డుని వదలదు. నిజమేలెండి. ఇనుప బ్రేకులు పీకేసి అల్యూమినియంవి పెట్టాడు. చక్రాలు మార్చాడు. చివరికి బోల్టులు కూడా టైటానియంవి. పొద్దున ముప్పై రెండు గ్రాములకి చంకలు గుద్దుకుంటూ ఈ టెంటంతా గంతులేశాడు."

"మీ స్నేహితుడు పోయాడు. బాధగా లేదా?"

"ఉంది. టీ కూడా చల్లారిపోయింది."

హెస్టర్ బయటికొచ్చింది. నైజెల్‌ని పక్కకి పిలిచింది.

"క్లైవ్‌ని ఎందుకు తీసేశాడో మీరు చెప్పండి."

నైజెల్ అటూ ఇటూ చూశాడు. అతని పెదాల మీద నవ్వు ఆగలేదు. "మార్చిలో క్లబ్బు విందు మేడమ్. కార్లు తూచే కాటాలు అక్కడే పరిచి ఉన్నాయి. 'ఒరే క్లైవ్, ఎక్కరా' అన్నాడు లెనార్డ్. సరదాకనుకుని ఎక్కాడు పాపం. లెనార్డ్ మైకు అందుకున్నాడు. 'నూట పద్దెనిమిది కిలోలు! నేను చక్రం దగ్గర గ్రాము గ్రాము గీక్కుంటుంటే, వీడు పూటకో పందిని మింగొచ్చి నా సీట్లో కూలబడతాడు! నా కూతురు యాభై. ఇక నుంచి అదే నా జోడీ' అన్నాడు. హాలంతా పడీపడీ నవ్వింది."

"మీరు?"

"నేనూ నవ్వాను. నవ్వకుండా ఎలా ఉంటాం?"

"క్లైవ్?"

"కాటా దిగలేదు మేడమ్. జనం నవ్వినంతసేపూ దాని మీదే నిలబడ్డాడు."

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఇక్కడ ఏం పండిందో హెస్టర్‌కి ఇంకా తెలియదు.

"ఈ రోజు లెనార్డ్ గంతులేశాడట. ఎందుకు?"

"నిన్న బ్రేకులు కారుకి ఎక్కించే ముందు తూచాడట. అనుకున్నదానికన్నా తేలికొచ్చాయట. ఎంతరా అంటే చెప్పడే! తన బరువులు ఎవరికీ చెప్పడు. మేమంతా పోటీవాళ్ళం కదా."

హెస్టర్ ఆగింది. మళ్ళీ అంబులెన్స్ దగ్గరికి నడిచింది.

"మీ నాన్న తూచినప్పుడు నువ్వున్నావా?"

"ఉన్నాను. ప్రతి ముక్కనీ విడిగా తూచి కూడిపెట్టుకుంటాడు. బిగించాక మొత్తం కలిపి మళ్ళీ తూస్తాడు. నిన్న రెండు వైపులా సమానంగా తగ్గింది. ఎంతో నా చెవిలో చెప్పాడు. ఎవరితోనైనా అంటే నాలుక కోస్తానన్నాడు. లెక్క తప్పిందేమో నాన్నా, ఇంకోసారి చూద్దాం అన్నాను. 'నోర్ముయ్, దేవుడిచ్చాడు' అన్నాడు."

"ఎంత తగ్గింది?"

తామ్సిన్ గొంతు తగ్గించింది. నాన్న టార్పాలిన్ కింద ఉన్నా, ఆ అలవాటు పోలేదు. అంకె విన్న హెస్టర్ ముఖంలో ఏమీ మారలేదు.

"గురువారం నుంచి నిన్నటిదాకా అవి గరాజ్‌లోనే ఉన్నాయా?"

"బల్ల మీదే ఉన్నాయి."

"తాళంచెవి ఎవరెవరి దగ్గరుంది?"

"నాన్న దగ్గర, నా దగ్గర. క్లైవ్ అంకుల్ దగ్గర పాతది ఒకటి ఉండాలి."

హెస్టర్ నుజ్జయిన కారు దగ్గరికెళ్ళింది. కుడివైపు బ్రేకు చెక్కుచెదరలేదు. నైజెల్ చేత ఒక బోల్టు విప్పించింది. రెంచ్ ఆనించగానే తేలిగ్గా తిరిగింది.

నైజెల్ జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. "చూడండి, అంటుకోదు. టైటానియమే. పొద్దున కూడా ఇలాగే చూశాను."

"అల్యూమినియం అంటుకుంటుందా?"

"అంటుకోదు. కానీ అల్యూమినియం బోల్టు ఇక్కడ ఎవడు..." మాట సగంలో ఆగింది.

టీ టెంటులో వెన్న తూచే కాటా ఉంది. హెస్టర్ బోల్టుని దాని మీద పెట్టింది. ఇరవై నాలుగు గ్రాములు.

"టైటానియమైతే ఎంతుండాలి?"

"నలభై." నైజెల్ ముఖం పాలిపోయింది.

వారంటు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. రీస్ ఇద్దరు కానిస్టేబుళ్ళని తీసుకుని వెళ్ళాడు. నాలుగింటికి ఫోన్ చేశాడు. హెస్టర్ విని పెట్టేసింది. తామ్సిన్‌నీ, క్లైవ్‌నీ, నైజెల్‌నీ టెంటులో కూర్చోబెట్టింది. గుడ్డ తలుపు దగ్గర ఒక కానిస్టేబుల్‌ని నిలబెట్టింది.

"గురువారం తామ్సిన్ నాలుగు టైటానియం బోల్టులు బిగించింది," అని మొదలుపెట్టింది. "తర్వాత ఎవరో గరాజ్‌లోకి వచ్చి వాటిని విప్పారు. అచ్చం అలాగే ఉండే అల్యూమినియం బోల్టులు పెట్టారు. గట్టిగా బిగిస్తే అప్పుడే తెగుతాయి కాబట్టి వదులుగా బిగించారు. మీద పసుపు గీత గీశారు. కంటికి తేడా లేదు. అయస్కాంతానికీ లేదు. కాటాకి మాత్రం తెలిసింది. బోల్టుకి పదహారు గ్రాములు. చక్రానికి రెండు బోల్టులు."

"మరి లెనార్డ్ ఎందుకు..." అన్నాడు నైజెల్.

"బరువు ఎక్కువొచ్చుంటే రాత్రంతా కూర్చుని ప్రతి ముక్కా విప్పేవాడు. తక్కువొచ్చింది. మీ కులంలో తక్కువొస్తే ఎవడూ లెక్క మళ్ళీ చూడడు. పండగ చేసుకుంటాడు. అతను చావుని చేతుల్తో ఎత్తి, తూచి, ముద్దుపెట్టుకుని మరీ కారుకి ఎక్కించాడు. మీరంతా చప్పట్లు కొట్టారు."

హెస్టర్ క్లైవ్ వైపు తిరిగింది.

"క్లైవ్, ఎంత తగ్గిందని గంతులేశాడన్నారు?"

"నాకేం తెలుసు? ఏదో కొంత."

"ముప్పై రెండు గ్రాములన్నారు. లెనార్డ్ ఆ అంకె కూతురి చెవిలో తప్ప ఎక్కడా అనలేదు. కాటా చూసి తెలుసుకున్నవాళ్ళు ఇద్దరే. మూడోవాడు కాటా చూడక్కర్లేదు. అతను బోల్టులు చేసినవాడు."

"వాడే చెప్పాడు నాకు!" క్లైవ్ గొంతు పెరిగింది. "వందసార్లు చెప్పాడు!"

"మీ షెడ్‌లో లేత్ మిషన్ కింద అల్యూమినియం పొట్టు ఊడ్చి ఉంది. పైన బిస్కెట్ల డబ్బాలో నాలుగు టైటానియం బోల్టులున్నాయి. పసుపు గీతలతో సహా. చెరువులో పారేస్తే ఈపాటికి ఇంట్లో టీ తాగుతుండేవారు."

క్లైవ్ నిట్టూర్చాడు. "టైటానియం ఎవడు పారేస్తాడు మేడమ్?" అన్నాడు. నైజెల్ తెలియకుండానే తల ఊపాడు.

తామ్సిన్ లేచి నిలబడింది. "మా నాన్న నిన్ను నవ్వులపాలు చేశాడని చంపేశావా అంకుల్?"

"మీ నాన్ననా?" క్లైవ్ ఆమె వైపు తిరిగాడు. వంట మాడిపోయినవాడిలా దిగులుగా ఉంది ముఖం. "వాణ్ణి కాదమ్మాయ్. ఎప్పుడూ ముందు నువ్వే కదా ఎక్కేది? టైర్లు వేడి చేసి వాడికివ్వడం నీ పని. వాడు కింద నిలబడి చూడాలి. యాభై కిలోల పిల్ల చెట్టుకి ఎలా అతుక్కుంటుందో చూడాలి. తర్వాత మైకులో ఏం చెప్తాడో నేను వినాలి. అంత కష్టపడితే, చూడకుండానే పోయాడు వెధవ."

కానిస్టేబుల్ బేడీలు వేశాడు. అవి ఆ మణికట్లకి చివరి గాటు దగ్గర గానీ పట్టలేదు. నైజెల్ ఈసారి నవ్వలేదు.

అతణ్ణి తీసుకెళ్ళాక తామ్సిన్ తన అరచేతులు చూసుకుంది. రీస్ తిరిగొచ్చి టెంటు గుమ్మంలో ఆగాడు.

"నా చేతులు కాదన్నమాట," అంది తామ్సిన్.

"కాదు. నువ్వు సరిగ్గానే బిగించావు."

"మేడమ్, పొద్దున నేను సీట్లో కూర్చున్నాక నాన్న వచ్చి నన్ను దింపాడు. ఎప్పుడూ అలా చెయ్యలేదు. ఆయనకి ఏదో అనుమానం వచ్చుంటుందంటారా? బండి బాగాలేదనిపించి, నాకేమైనా అవుతుందేమోనని తనే ఎక్కాడంటారా?"

రీస్ హెస్టర్ వైపు చూశాడు. అవునని ఒక్క మాట అంటే చాలు. ఎవరికీ నష్టం లేదు. ఆ పిల్ల బతుకంతా దాన్ని దాచుకుంటుంది.

"దింపేటప్పుడు ఏమన్నాడు?" హెస్టర్ అడిగింది.

"'నా గ్రాములు ముందు నువ్వు తింటావేంటే, దిగు' అన్నాడు."

"అయితే అంతే. అనుమానం ఉంటే ఎక్కేవాడు కాదు. ఆ తేలిక బండి మీద మొదటి టైము నీ పేరు మీద పడుతుందేమోనని ఓర్చుకోలేకపోయాడు."

రీస్ కళ్ళు దించుకున్నాడు. బయట లారీ మీదికి కారుని ఎక్కిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"అవును," అంది తామ్సిన్ మెల్లగా. "మా నాన్నంటే అదే." పొద్దుటినుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కుర్చీ వెనక చెక్క పట్టుకుని, చాలాసేపు ఏడ్చింది.