వెనక్కి ఇచ్చిన బంతి

బంతి ప్రశాంతి కాళ్ల దగ్గరికి రాగానే, ప్రహరీ గోడ మీద కూర్చున్న వాళ్లంతా లేచి నిలబడ్డారు.

“ముందుకు పో పాపా! ముందుకు!”

అందరికంటే గట్టిగా అరిచింది ఆమె నాన్న దేవపాలే.

ప్రొద్దుటూరు గ్రౌండులో జమ్మలమడుగు, పులివెందుల అమ్మాయిలకు ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. గెలిచిన జట్టు కడపలో పెద్ద పోటీలకు వెళ్తుంది. జమ్మలమడుగు ఒక గోల్ ముందుంది.

ప్రశాంతి జమ్మలమడుగు మిడ్‌ఫీల్డర్. గ్రౌండు మధ్యలో ఉండి, బంతిని ఖాళీగా ఉన్నవాళ్లకు అందించడం ఆమె పని. ఇప్పుడు ఆమె ముందు ముగ్గురు అడ్డంగా నిలబడ్డారు.

“ఏమే ప్రశాంతీ! నాకియ్యి! ఈడ ఎవురూ లేరు!” వెనక నుంచి జెస్సికా అరిచింది.

ప్రశాంతి తిరిగి చూడలేదు. ముగ్గురి మధ్యలోంచి దూసుకుపోబోయింది. బంతి పోయింది! పులివెందుల అమ్మాయి దాన్ని లాక్కుని పరుగెత్తి గోల్ కొట్టేసింది. స్కోరు ఒకటి, ఒకటి. అంతలోనే హాఫ్‌టైమ్ విజిల్ మోగింది.

“గొంతు పోయేటట్టు అరిస్తి గదమే! చెవుడా నీకు?” జెస్సికా కోపంగా అడిగింది.

“వినపడింది మే. అంతమంది చూస్తాండారు. ఎనక్కి కొడితే బయపడిందంటారు. మా నాయన కూడా ఉండాడు గదా.” ప్రశాంతి తల దించుకుంది.

కోచ్ విల్లెమ్ సార్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆయనది నెదర్లాండ్స్. ఒకప్పుడు ఆయనా మిడ్‌ఫీల్డరే. ఆట మానేశాక కోచ్ అయ్యాడు. ఈ వేసవిలో ఆట నేర్పడానికి జమ్మలమడుగు వచ్చాడు. ఆయన ఇంగ్లిషులో చెప్తుంటే పీఈటీ జయపాల్ సార్ తెలుగులో చెప్పాడు.

“సార్‌ను వాళ్ల ఊర్లో ఎండ్రకాయ అని ఎగతాళి చేసేటోళ్లంట. ఎప్పుడూ పక్కకో ఎనక్కో బంతి ఇస్తాడని.”

విల్లెమ్ సార్ లేచి, ఎండ్రకాయలా పక్కకు నడిచి చూపించాడు. పిల్లలు పకపకా నవ్వారు.

“మీకు సిగ్గు కాలేదా సార్?” ప్రశాంతి అడిగింది.

“శానా!” అన్నాడాయన, ఇక్కడ నేర్చుకున్న తెలుగులో.

“అయినా అట్లే ఆడినాడంట,” జయపాల్ సార్ అందుకున్నాడు. “మోకాలు దెబ్బతినే దాకా. ఆఖరి మ్యాచ్ రోజు అదే జనం లేచి నిలబడి ‘ఎండ్రకాయ! ఎండ్రకాయ!’ అని చప్పట్లు కొట్టినారంట.”

ఆట మళ్లీ మొదలైంది. ఎంత సేపటికీ గోల్ పడలేదు. రిఫరీ వాచీ చూసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే బంతి ప్రశాంతికి దొరికింది. మళ్లీ ముగ్గురు చుట్టుముట్టారు.

“ముందుకు పాపా!” నాన్న గొంతు.

ప్రశాంతి తల తిప్పి చూసింది. వెనక జెస్సికా ఒక్కతే ఉంది. టక్కున బంతిని ఆమెకు తోసింది.

“అయ్యో! ఎనక్కెందుకు ఇస్తివే!” గోడ మీద నుంచి కేకలు. దేవపాలు నెత్తి కొట్టుకున్నాడు.

జెస్సికా చుట్టూ ఎవరూ లేరు. తీరిగ్గా చూసి, బంతిని ఎత్తి ఎడమ పక్కకు కొట్టింది. అక్కడ వాళ్ల జట్టు గౌరి పరుగెత్తుతోంది. ఒక్క తన్ను! బంతి వలలో పడింది!

“గోల్!”

జట్టంతా గౌరి మీద పడింది. గోడ దూకి వచ్చిన దేవపాలు, “ఏం కొట్టినావు పాపా!” అంటూ గౌరిని మెచ్చుకుంటున్నాడు.

ప్రశాంతి అటు పోలేదు. వెనక్కి తిరిగి, గ్రౌండు అవతల ఒంటరిగా ఎగురుతున్న జెస్సికా వైపు పరుగెత్తింది.