స్లైడ్ షోలోనే కదిలే బొమ్మ

ఉమామహేశ్వరి పాలు కాచింది. ఫిల్టర్ మూత తీసి డికాక్షన్ చూసింది. గ్లాసులు నాలుగు తీసి గట్టు మీద వరసగా పెట్టింది.

లెక్క సరిపోయింది. ఏలూరు నుంచి కూతురు భార్గవి వచ్చి ఉంది కాబట్టి సరిపోయింది. కొడుకు కళ్యాణ్ పోయి ఆ రోజుకి పదకొండో రోజు.

తాడేపల్లిగూడెం బజారులో వాళ్ళ కిరాణా కొట్టు తలుపులు ఇంకా తీయలేదు. భర్త కృష్ణమూర్తి వీధి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి తలూపుతున్నాడు. లోపల హాల్లో భార్గవి లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఏలూరులో ఆమె కంప్యూటర్ టీచరు. రేపు సత్రంలో వైకుంఠ సమారాధన. భోజనాలకి ముందు పెద్ద తెర మీద తమ్ముడి ఫోటోలు చూపించాలని తండ్రి కోరిక.

"అమ్మా, ఇటొచ్చి చూడవే. మొదటి స్లైడు అయింది."

ఉమామహేశ్వరి కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. మధ్యలో దండ వేసిన కళ్యాణ్. అటూ ఇటూ రెండు ప్రమిదలు.

"దీపాలు వెలుగుతుంటాయన్నావు. బిగుసుకుపోయి ఉన్నాయేంటే?"

"ఇవి కదిలే బొమ్మలేనమ్మా. స్లైడ్లు పేర్చేటప్పుడు మామూలు ఫోటోల్లాగే ఉంటాయి. స్లైడ్ షో పెడితేనే కదులుతాయి. ఇదిగో, చూడు."

మీట నొక్కింది. తెర నిండా కళ్యాణ్ వచ్చాడు. రెండు జ్వాలలూ ఒక్కసారి ఎడమకి ఒరిగి, లేచి, మళ్ళీ ఎడమకి ఒరిగాయి.

"ఎంతసేపు వెలుగుతాయి?"

"మనం ఆపేదాకా. ఉన్న మూడు సెకన్లే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటాయి."

పదకొండు రోజులుగా ఉమామహేశ్వరి బుర్రలోనూ ఒక్క ఉదయమే తిరుగుతోంది.

అది కార్తీకంలో రెండో సోమవారం. వేసవిలో కృష్ణమూర్తికి గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి వరండాలో నిలబడి ఆవిడ మొక్కుకుంది. ఆయన క్షేమంగా ఇంటికొస్తే కార్తీక సోమవారాలన్నీ కొడుకు చేత కటిక ఉపవాసం చేయిస్తానని. మొక్కు ఆవిడది, కడుపు వాడిది.

ఆ ఉదయం కోడలు హరిణి వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. "అత్తయ్యగారూ, ఆయన ఆకలికి ఆగలేరండీ. గ్లాసుడు పాలైనా తాగి వెళ్ళమనండి."

"మీ మావయ్యగారి ప్రాణం కంటే నీ మొగుడి ఆకలి ఎక్కువా?" అంది తను.

కళ్యాణ్ నవ్వి ఊరుకున్నాడు. ముందురోజు కొట్లో నూనె డబ్బా కోస్తూ బొటనవేలు కోసుకున్నాడు. ఉమామహేశ్వరే పసుపు అద్ది, పాత చీర అంచు చింపి కట్టింది. ఆ వేలితోనే బండి తాళం తీసుకుని ఎనిమిదిన్నరకి ఏలూరు బయల్దేరాడు. పని చూసుకుని తిరిగొస్తుంటే పదకొండింటికి హైవే మీద బండి డివైడర్‌కి కొట్టుకుంది. వెనక లారీ లేదు, ముందు గేదె లేదు. "కళ్ళు తిరిగి పడిపోయుంటాడండీ" అన్నారు చూసినవాళ్ళు.

ఎందుకు తిరిగాయో ఎవరూ అడగలేదు. ఉమామహేశ్వరికి చెప్పనక్కర్లేదు. ఆసుపత్రిలో దుప్పటి తీసినప్పుడు ఆ పసుపు గుడ్డ అలాగే ఉంది. ముడి కూడా వదులవలేదు.

"తర్వాతవి హరిణి ఫోన్లోవి. తను చూడలేనంటూ ఫోన్ నా చేతిలో పెట్టేసింది" అంది భార్గవి. "పెళ్ళి ఫోటో పెడుతున్నాను."

"వద్దు."

"ఏది వద్దు?"

"ఆ అమ్మాయి ఉన్న ఫోటో ఒక్కటీ వద్దు. వాడొక్కడే ఉండాలి."

భార్గవి చేతులు కీబోర్డు మీంచి తీసేసింది. "పెళ్ళాన్ని తీసేసి పెళ్ళి ఫోటో ఎలా పెడతారమ్మా?"

"కత్తిరించు. నేర్పుతావుగా పిల్లలకి."

"అది ఏం చేసిందని? నువ్వు దాని మొహం చూడవు, పేరు పెట్టి పిలవవు. ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటున్నారో తెలుసా? కోడలి జాతకం వాణ్ణి మింగిందని నువ్వే అంటున్నావనుకుంటున్నారు."

"నేను ఆ మాట అనలేదు."

"అనకుండా చేస్తున్నావు."

ఉమామహేశ్వరి కళ్ళజోడు సరిచేసుకుంది. ఏమని చెప్పాలి? ఆ పిల్ల కళ్ళల్లోకి చూస్తే, 'గ్లాసుడు పాలైనా' అన్న మాట వినిపిస్తోందని చెప్పాలా? ఈ ఇంట్లో నిజం తెలిసిన మనిషి అదొక్కతేనని చెప్పాలా?

కాఫీ గ్లాసులతో హరిణి గుమ్మంలోనే ఆగిపోయింది. పాతికేళ్ళ పిల్ల. పదకొండు రోజుల్లో జాకెట్టు చేతులు వదులైపోయాయి.

"తీసేయండి వదినా. నాకేం పర్లేదు" అంది.

"రేపు మీ నాన్నగారు మండవల్లి నుంచి వస్తారుగా" అంది ఉమామహేశ్వరి గోడవైపు చూస్తూ. "భోజనాలవగానే బయల్దేరొచ్చు. సామాను సర్దుకో."

హరిణి గ్లాసులు బల్ల మీద పెట్టింది. ఒకటి తొణికింది. కొంగుతో తుడిచి లోపలికి వెళ్ళిపోయింది.

భార్గవి మళ్ళీ తెర వైపు తిరిగింది. ఒక్కో ఫోటో తెరిచింది, మరదలిని అంచు నుంచి కత్తిరించింది. ఒకదాన్లో కళ్యాణ్ భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలిపోయాయి. వాటినీ కోసేసింది.

"ఇదిగో, ఇందులో వాడొక్కడే ఉన్నాడు" అంది ఉమామహేశ్వరి వంగి.

పెరటి గోడ ముందు కళ్యాణ్. భుజాల వరకే కనిపిస్తున్నాడు. నుదుట విభూతి. ఎవరో పిలిస్తే తల తిప్పబోతున్నట్టు మొహం, కాస్త తెరిచిన నోరు.

"బాగుంది. చివర్లో పెట్టు. పెద్దది చేసి పెట్టు."

భార్గవి పెట్టింది. దీపాలు వెలుగుతున్నాయో లేదో మరోసారి చూసుకుంది. మిగతావి ఉత్త ఫోటోలేగా, పరీక్షించేదేముంది అనుకుని లాప్‌టాప్ మూసేసింది.

*

మర్నాడు సత్రం నిండిపోయింది. బజారు వర్తకులంతా వచ్చారు. ముందు వరసలో కృష్ణమూర్తి, ఆయన పక్కన ఉమామహేశ్వరి. చివరి వరసలో గోడకి ఆనుకుని హరిణి, ఆమె తండ్రి చలపతిరావు. వాళ్ళ కాళ్ళ దగ్గర ఒక సూట్‌కేసు.

తెర వెలిగింది. ప్రమిదలు ఊగాయి. జనం గొంతులు సవరించుకున్నారు. ఉయ్యాల్లో కళ్యాణ్, స్కూలు టై కట్టుకున్న కళ్యాణ్, కొట్లో త్రాసు పట్టుకున్న కళ్యాణ్, పక్కన ఎవరూ లేని పెళ్ళికొడుకు కళ్యాణ్.

చివరి స్లైడు వచ్చింది. పెరటి గోడ, విభూతి, తెరిచిన నోరు.

కళ్యాణ్ తల తిప్పాడు.

హాల్లో ఎవరో కెవ్వుమన్నారు. భార్గవి కుర్చీలోంచి లేచింది.

తెర అంచు నుంచి ఒక చెయ్యి వచ్చింది. ఆకుపచ్చ గాజులు. వేళ్ళ మధ్య ఇడ్లీ ముక్క. కళ్యాణ్ దాన్ని అందుకుని నమిలాడు. ఇంటివైపు దొంగచూపు చూశాడు. తర్వాత నవ్వుతూ, 'ఉష్' అన్నట్టు చెయ్యెత్తి పెదవుల మీద వేలు పెట్టాడు.

బొటనవేలికి పసుపు గుడ్డ ఉంది.

మళ్ళీ మొదలు. తల తిప్పాడు. తిన్నాడు. చూశాడు. వేలు పెట్టాడు. పసుపు గుడ్డ.

"క్షమించండి, ఫోటో అనుకున్నాను" అంటూ భార్గవి లాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తింది.

"ఆపకు" అంది ఉమామహేశ్వరి.

"అమ్మా..."

"ఆపకే. తిననీ."

ఆవిడ లేచి తెర దగ్గరికి నడిచింది. ముడి పోల్చుకుంది. తను వేసిన రెండు ముళ్ళు. అది కట్టింది ఆదివారం సాయంత్రం. కొడుకు పోయింది సోమవారం. మధ్యలో ఉన్నది ఒక్క ఉదయమే.

ఆవిడ వెనక్కి తిరిగి, కుర్చీల మధ్యనుంచి చివరి వరసదాకా వెళ్ళింది. చలపతిరావు కంగారుగా లేచి చేతులు జోడించాడు. "చెల్లెమ్మగారూ, చిన్నపిల్ల, తెలియక..."

"హరిణీ." పన్నెండు రోజుల తర్వాత ఆ పేరు ఆవిడ నోట వచ్చింది. "ఆ రోజేనా?"

హరిణి లేచి నిలబడింది. "మావయ్యగారికని వేసిన ఇడ్లీలండీ. పెరట్లోకి తీసుకెళ్ళి పెట్టాను. ఆయన వద్దనే అన్నారు. నేనే బలవంతం చేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పనండీ?" హరిణి మొహం చేతుల్లో దాచుకుంది. "మొక్కు చెడగొట్టింది నేను. ఆ మూడు గంటల్లోనే ఆయన... నా చేత్తో పెట్టి నేనే చంపుకున్నానండీ. మీరు నా మొహం చూడకపోతే, మీకు తెలిసిపోయిందేమో అనుకున్నాను."

ఉమామహేశ్వరి అక్కడే, సూట్‌కేసు పక్కన నేల మీద కూలబడింది.

"పిచ్చిదానా. పస్తు పెట్టి నేను చంపాననుకుంటున్నానే. ఆకలితో కళ్ళు తిరిగి పడ్డాడనుకున్నాను. రోజూ నీ కళ్ళల్లో అదే కనిపించేది. అందుకే చూడలేకపోయాను."

హరిణి చేతులు తీసి చూసింది. తర్వాత ఆవిడ పక్కనే చతికిలబడింది. ఒకే ఇంట్లో, ఒకే గోడకి అటూ ఇటూ పడుకుని, ఇద్దరూ ఒకే చావుని ఎవరికి వారు మోసుకున్నారు.

"తినే వెళ్ళాడు" అంది ఉమామహేశ్వరి. "కడుపు నిండే వెళ్ళాడు." ఒక్క క్షణం ఆవిడ మొహం తేటపడింది. మరుక్షణమే చీకటైపోయింది. "మరి ఎందుకు పడ్డాడే?"

నింద ఉన్నన్నాళ్ళూ పట్టుకోవడానికి ఒక కొమ్మ ఉండేది. ఇప్పుడు అదీ లేదు. కృష్ణమూర్తి ముందు వరసలోంచి కదల్లేదు. ఆయన భుజాలు మాత్రం ఎగిసి పడుతున్నాయి.

చలపతిరావు మెల్లగా సూట్‌కేసు తీసి గోడ వారగా పెట్టేశాడు. ఇవాళ్టికి దాంతో పని లేదని ఆయనకి అర్థమైంది. రేపటి సంగతి ఆయనకీ తెలియదు.

అవతల విస్తళ్ళు వేస్తున్న చప్పుడు. ఉమామహేశ్వరి కోడలి చేయి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. గాజులు లేని ఆ మణికట్టుని నిమురుతూ ఉండిపోయింది.

"ఎన్ని తిన్నాడు?"

"మూడండీ."

"ఎన్ని పట్టుకెళ్ళావు?"

హరిణి తెర వైపు చూసింది.

"నాలుగు" అంది. "నాలుగోది తినబోతుంటే మీ అడుగుల చప్పుడైందండీ. అమ్మ వస్తోంది, ఇంక చాలు అన్నారు."

తెర మీద కళ్యాణ్ పెదవులపై వేలు పెట్టుకున్నాడు. తల తిప్పి, మళ్ళీ నోరు తెరిచాడు.