షుగరు దాచిన కాంపౌండరు

"షుగరు లేదని రాసేస్తే పోలా?"

పక్క కుర్చీలో పాలసీ ఫారం నింపుతున్న మనిషి మాట విని హేమావతికి ఒళ్లు మండింది. కుప్పంలో పొద్దున్నే బస్సెక్కి మదనపల్లెలోని ఈ ఇన్సూరెన్స్ ఆఫీసుకు రావడం ఇది మూడోసారి. వచ్చే నెల రిటైర్మెంటు. హెల్త్ కార్డు ఉన్నా, పెద్ద జబ్బొస్తే చాలదేమోనని టాపప్ పాలసీ కోసం తిరుగుతోంది.

"దాచిపెడితే రేపు క్లెయిమ్ రాదు సార్" అంది.

"మీరు ఏజెంటా?"

"నర్సును. ముప్పై అయిదేండ్ల సర్వీసు. మీరు?"

"ఉమాపతి. పుంగనూరు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. నేనూ వచ్చే నెలే రిటైరు."

"ఆ ఆవులే నయం. అబద్ధం చెప్పవు."

ఆయన నవ్వేసి, 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాశాడు.

ఆ రోజే నంబర్లు తీసుకున్నారు, ఆ తర్వాత రోజూ ఫోన్లే. పాత జబ్బులకు డబ్బులియ్యడానికి ఏ పాలసీకి వెయిటింగ్ పీరియడ్ తక్కువ, ఏది కుప్పంలో చెల్లుతుంది అని మొదలై, మాటలు ఎటెటో పోయేవి. భార్య పోయి ఆరేళ్లయిందని ఆయన చెప్పాడు. చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసేసరికి తన వయసు దాటిపోయిందని ఆమె చెప్పింది.

నాలుగో వారం సంతకాలకని ఇద్దరూ మళ్లీ మదనపల్లె వచ్చారు. తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. బయట సన్నగా వాన.

"మేడమ్, ఇద్దరికీ కలిపి ఒకే పాలసీ ఉండాదంట."

"అది మొగుడూ పెండ్లాలకు సార్."

"తెలుసు. అందుకే నేను సంతకం పెట్టలేదు."

హేమావతి కిటికీ వైపు తిరిగింది. ముప్పై అయిదేళ్లు సెలైన్లు, కట్లు, నైట్ డ్యూటీలు. ఇక ఎవరి నాడి పట్టుకోవాలన్నా చేతులు రావడం లేదు.

"నాకు ఓపిక అయిపోయింది సార్. ఇంగొకరికి సేవ చేసేది నా చేత కాదు."

"నాకు నర్సు వద్దు మేడమ్. నా మాత్రలు నేనేసుకుంటా. ఇన్నేండ్లలో మీకు కాఫీ పెట్టిచ్చినోళ్లు ఎవరన్నా ఉండారా? ఆ పని నాకియ్యండి."

ఆమె ఆలోచించింది. ఒక్కరూ గుర్తుకు రాలేదు.

పుంగనూరు వచ్చింది. ఉమాపతి తల వంచుకుని దిగిపోయాడు. కానీ వెళ్లలేదు, కిటికీ కింద వానలో నిలబడ్డాడు. హేమావతి అద్దం జరిపింది.

"యాల తడస్తాండారు?"

"మీరేమన్నా చెప్తారేమోనని."

"ఆదివారం కుప్పానికి రాండి. మా చెల్లెండ్లకు ఈ మాట మీరే చెప్పల్ల. నాకు సిగ్గు."

బస్సు కదిలింది. అలసిన ఆ నర్సు సీటుకు తల ఆనించి, కుప్పం వచ్చేదాకా హాయిగా నిద్రపోయింది.