ఓదెమ్మ చదవని అధ్యాయం

చిన్నకొడుకు ప్రకాష్ ఫస్ట్ షిఫ్టుకు బొగ్గుబావికి వెళ్ళిపోయాక ఓదెమ్మ రోజూ తప్పకుండా చేసే పని ఒకటుంది. మొగుడు ఇమ్మానుయేలుకు చాయ్ గ్లాసు చేతికందించి, బైబిలు తెరిచి ఒక అధ్యాయం చదివి వినిపిస్తుంది. షుగర్ వల్ల ఆయన చూపు పోయి ఏళ్ళవుతోంది. ఆమెకు అక్షరాలు వచ్చిందే నలభై దాటాక, చర్చిలో ఆడవాళ్ళకు చదువు చెప్పినప్పుడు. వేలు పెట్టి, మాట మాటకూ ఆగుతూ చదువుతుంది. ఆయన ఓపిగ్గా వింటాడు. భూపాలపల్లి క్వార్టర్లో కూర్చున్న ముసలాయనకు వేరే పనేముంది లెండి.

ఆ ఉదయం ఆమె ఆదికాండం ఇరవై ఎనిమిదో అధ్యాయం మొదలుపెట్టింది.

"ఆగు," అన్నాడు ఇమ్మానుయేలు. "నిన్న ఇరవై ఆరు సదివినవ్. ఇరవై ఏడు ఏమాయె?"

"పేజీలు అంటుకున్నయి."

"పోయినసారి గూడ అంటుకున్నయి. అంతకు ముందుసారి గూడ. నాకు కండ్లు పోయినయి గని లెక్క పోలే ఓదెమ్మా."

"చాయ్ సల్లారుతది, తాగు."

"గుడ్డోడైన ఇస్సాకును పెండ్లామే మోసం జేసి, పెద్దోనికి రావాల్సిన దీవెన చిన్నోనికి ఇప్పిచ్చిన ముచ్చటే గదా. చర్చిల ఎన్నిసార్లు ఇన్లే. దాంట్ల నువ్వు దాసేటిదేమున్నది?"

దాచేది ఉంది. పదేళ్ళ కిందట, చూపు మసకబారిన ఇమ్మానుయేలు ఇక బావిలో పనికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చారు. ఆయన ఉద్యోగం కొడుకుల్లో ఒక్కరికి వస్తుంది. ఒక్కరికే. అది పెద్దవాడు సామేలుకే అని ఆయన ఎన్నోసార్లు అన్నాడు. సామేలు అప్పటికి దేవరుప్పులలో, అత్తగారి ఊళ్ళో, ట్రాక్టర్ నడుపుకుంటున్నాడు. అతన్ని పిలుచుకొస్తానని ఓదెమ్మ ఒక్కతే బస్సెక్కింది. వెళ్ళి "బాపు తమ్ముని పేరే రాయిస్తున్నడు బిడ్డా" అని చెప్పింది. తిరిగొచ్చి మొగుడితో "పెద్దోడు బాయిల దిగడట, నీ నౌకరి వద్దన్నడు" అంది.

తండ్రీకొడుకులిద్దరికీ పౌరుషం ఎక్కువ. నిజమా అని ఒకరినొకరు అడగలేదు. ఆమె దేవరుప్పుల పోయి వస్తూనే ఉంది గానీ, సామేలు మాత్రం మళ్ళీ ఈ ఇంటి గడప తొక్కలేదు.

గేటు చప్పుడైంది. ఓదెమ్మ బైబిలు మూసి బయటికొచ్చి చూస్తే సామేలే. చేతిలో కూతురు శృతి పెళ్ళి కార్డు ఉంది.

"బిడ్డ పెండ్లి ఖాయమైంది. నువ్వు రావాలె అవ్వా," అన్నాడు మెల్లగా.

"లోపటికి రా బిడ్డా."

"వద్దు. బాపు పరేషాన్ అయితడు."

లోపల కుర్చీ కదిలింది. గొంతు గుర్తుపట్టడానికి ఇమ్మానుయేలుకు కళ్ళు అక్కర్లేదు. "నా నౌకరి వద్దని మొకం మీద కొట్టినోడు నా ఇంటికెందుకొచ్చిండు?" అన్నాడు బయటికి వినపడేలా.

వెళ్ళిపోబోతున్న సామేలు ఆగిపోయాడు. చెప్పులు విడిచి తిన్నగా లోపలికి నడిచాడు. ఓదెమ్మ వెనకే వచ్చింది.

"నేను వద్దన్ననా బాపూ? నువ్వే గదా తమ్ముని పేరు రాయించింది. నన్ను ఒక్క మాటన్న అడిగినవా?"

"నీ పేరు రాస్తనని కూసుంటే నువ్వే బాయిల దిగనంటివి."

"ఎవలు జెప్పిండ్రు?"

పక్క క్వార్టర్లో కుక్కర్ కూత వేసింది. ఇమ్మానుయేలు మొహం మెల్లగా భార్య నిలబడ్డ వైపు తిరిగింది. సామేలు కూడా అటే చూశాడు. ఈ రెండు మాటలూ ఎదురుపడటానికి పదేళ్ళు పట్టింది.

ఓదెమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. "నేనే జెప్పిన. ఇద్దరికీ అబద్ధమే జెప్పిన. చిన్నోనికి ఏం తెల్వది. పాపం నాది."

"ఎందుకవ్వా?"

"వానికి ఏ పనీ రాకపాయె. నీకు రెక్కల కష్టం ఉన్నది, యాడన్న బతుకుతవనుకున్న." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తీసేసింది. "వాడంటే నాకు పాయిరం ఎక్కువ బిడ్డా. వాడు నా కండ్ల ముందట ఉండాలనుకున్న. గదే అసలు ముచ్చట."

సామేలు చేతిలోని పెళ్ళి కార్డును తండ్రి పక్కన పెట్టాడు. కొడుక్కు కోపం వస్తే బాగుండునని ఓదెమ్మకు అనిపించింది. అతనికి రాలేదు.

"నౌకరి పోతే పోయె అవ్వా. ట్రాక్టర్ నడిపి బిడ్డను సదివిచ్చిన, పెండ్లి జేస్తున్న. బాపుకు నేను అక్కెర లేదని పదేండ్లు కుమిలిన. తమ్మునికి నౌకరి కావాలని నన్ను అడిగితే ఇచ్చేటోన్ని గద. బాపును ఎందుకు దూరం జేసినవ్?"

ఒక ఉద్యోగం ఒక కొడుకు నుంచి ఇంకో కొడుక్కు మార్చానని మాత్రమే ఇన్నాళ్ళూ ఓదెమ్మ అనుకుంది. పోయింది ఉద్యోగం ఒక్కటే కాదని ఇప్పుడు తెలిసింది.

"ఇటు రా సామేలూ," అన్నాడు ఇమ్మానుయేలు. "నీకు ఇయ్యనీకి నా దగ్గర ఏం మిగల్లేదు బిడ్డా."

"దీవెన ఇయ్యి బాపూ. నాకు, నా బిడ్డకు." సామేలు వచ్చి తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ముసలాయన చేతులు గాలిలో తడుముకుంటూ కొడుకు తల మీద ఆనాయి. ఆనగానే ఉలిక్కిపడ్డాడు. ఆయనకు గుర్తున్న సామేలుకు దువ్వెన విరిగేంత ఒత్తయిన జుట్టు.

"నెత్తి మీద ఎంటికలేమైనయిరా?"

"ఎప్పుడో పోయినయి బాపూ."

ఇమ్మానుయేలు ఆ బట్టతలను రెండు చేతులతో నిమురుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. ప్రార్థన మొదలుపెట్టాడు గానీ "ప్రభువా" అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

"అవ్వా," తల తిప్పకుండానే పిలిచాడు సామేలు. "నువ్వు గూడ వచ్చి చెయ్యి పెట్టు."

పిలుపులో మెత్తదనం లేదు. అయినా పిలిచాడు. ఓదెమ్మ లేచి వచ్చి కొడుకు తల మీద చెయ్యి పెట్టింది. మొగుడు తన చెయ్యి కాస్త జరిపి చోటిచ్చాడు. క్షమించమనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. అడిగితే ఇద్దరూ సరేనంటారేమో కూడా. కానీ ఆ పదేళ్ళను ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తుంది?