మంచుపెట్టెలోంచి తీసిన సీసా

సైంటిస్టు తలలో తూటా దిగే సమయానికి ఏజెంట్ కాకి ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. పరుగున వచ్చి కోల్డ్‌రూమ్ తలుపు తోశాడు. ఎదురుగా ఏజెంట్ పికిలిపిట్ట, చేతిలో సైలెన్సర్ పిస్టల్. రెండేళ్లుగా అతని పార్ట్‌నర్. విదేశీ ముఠాకి అంతకన్నా పాత పార్ట్‌నరని ఇప్పుడు తెలిసింది!

"పాత స్నేహం, చంపలేను" అంటూ అతన్ని బేడీలతో పైపుకి బిగించింది. కాకి వాచీలోని లేజర్ నొక్కాడు. చలికి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. గొప్ప గ్యాడ్జెట్!

ఆమె మంచుపెట్టెలోంచి వేలెడంత సీసా తీసింది. సైంటిస్టు తయారుచేసిన ఎంజైమ్ లోకంలో అంతా అదే. తయారుచేసే పద్ధతి సైంటిస్టుతోనే పోయింది.

దాని పనేమిటో కాకికి బాగా తెలుసు. తెగిన డీఎన్‌ఏ బాగుపడేటప్పుడు రెండు పోగులు ముడిపడతాయి. ఆ ముడిని సరిగ్గా కోసి విడదీయకపోతే, కణం రెండయ్యేటప్పుడు క్రోమోజోములు ఫట్‌మని తెగుతాయి. కాకి చెల్లెలి ఒంట్లో పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లేదు. మొదటి డోసు ఆమెకేనని సైంటిస్టు మాటిచ్చాడు. ముఠా మాత్రం దాన్ని ముడి లేనిచోట కూడా కోసేలా మార్చి జనం మీదికి వదలాలని చూస్తోంది.

"గేటు దగ్గర పెట్టెలు వెతుకుతారు. నన్ను తడిమే ధైర్యం ఎవరికుంది?" అంటూ ఆమె సీసాను కోటు లోపల గుండెకి ఆనించి దాచుకుంది.

కాకి ఆ కోటు వంకే చూశాడు. కణంలోకి చేరాక ఫరవాలేదు గానీ, సీసాలో ఉండగా ఒంటి వేడి తగిలితే అది పాలలా విరిగిపోతుంది! బ్రీఫింగ్‌లో సైంటిస్టు ఆ మాట చెప్పినప్పుడు ఆమె ఫోన్ మాట్లాడటానికి బయటికెళ్లింది, ముఠాతోనే కాబోలు.

'మంచులో పెట్టు' అంటే చాలు. దారిలో మనవాళ్లు పట్టుకుంటే చెల్లెలు బతుకుతుంది. పట్టుకోలేకపోతే ఊళ్లకు ఊళ్లే పోతాయి.

"ఏంటలా చూస్తావ్? ఏమైనా చెప్పాలా?"

కాకి నోరు తెరిచాడు. చెల్లెలి ముఖం కళ్లముందు మెదిలింది.

"ఏం లేదు. వెళ్లు."

ఆమె వెళ్లాక వెక్కివెక్కి ఏడ్చాడు. బేడీల వల్ల కళ్లు తుడుచుకునే వీలు కూడా లేదు.

రేవులో బోటు కదలబోతుండగా ముఠా కెమిస్టు ముడిపడ్డ డీఎన్‌ఏ మీద ఆ సీసాలోని చుక్క వేసి చూశాడు. ఒక్క ముడీ తెగలేదు. నకిలీ సరుకు అంటగట్టిందని వాళ్లు పికిలిపిట్ట మీద తుపాకులెత్తారు, ఆమె వాళ్ల మీద ఎత్తింది. తుపాకులు పేలిన చప్పుడుకి గస్తీ పోలీసులొచ్చి అందర్నీ పట్టేశారు.

"శభాష్!" అన్నాడు చీఫ్, బేడీలు విప్పుతూ. "కట్టేసినా ఎలా ఆపావయ్యా?"

"నోరు మూసుకుని, సార్."

చీఫ్ జోకనుకుని పగలబడి నవ్వాడు. అంతలో కాకి జేబులో ఫోన్ మోగింది.

"అన్నయ్యా, మందు దొరికిందా?"

చెల్లెలి దగ్గర నోరు మూసుకునే పాచిక పారదు.