జూలైలో ఆల్చిప్పలు

“సరిగ్గా పన్నెండింటికి మిబును కాల్చేస్తారు. షిప్‌యార్డ్ సైరన్ మోతలో తుపాకీ చప్పుడు కలిసిపోతుంది.”

చీఫ్ మాట విని ఏజెంట్ కుజుహారా ముఖం చిట్లించాడు. “ఆ ఇంజనీర్ని ఇవాళ భోజనానికి వెళ్లొద్దనండి.”

“చెప్పాం. ఎవడికో భయపడి తొమె అవ్వ చేతి అన్నం మానుకోనన్నాడు. షూటర్ ఆ అవ్వ భోజనశాలకు ఎదురుగా ఉన్న హోటల్లో దిగాడు. ఏ గదో తెలీదు. భోజనశాల నుంచి సిగ్నల్ వస్తేనే కాలుస్తాడు. నీతో మన ఏజెంట్ షిజునే కూడా వస్తుంది.”

పదకొండూ యాభై ఎనిమిది. కురే రేవు పక్కన తొమె అవ్వ భోజనశాల. కౌంటర్ వెనక గోడకు వరసగా చెక్కపలకలు. ఒక్కోదాని మీద ఒక్కో వంటకం పేరు, అవ్వ కుంచెతో రాసిన కాంజీ అక్షరాల్లో. కిటికీ లోంచి ఆ గోడ వీధి అవతలికీ కనిపిస్తుంది. కిటికీ పక్కనే మిబు, చేప కోసం ఎదురుచూస్తూ. మూలన చేపలవాడి వేషంలో కుజుహారా. అతని చాప్‌స్టిక్స్ డబ్బాలో, హోటల్ కింద కాచుకున్న తమవాళ్లతో మాట్లాడే ట్రాన్స్‌మిటర్.

ఎర్రటి లిప్‌స్టిక్, తెల్లటి గ్లవ్స్‌తో షిజునే కౌంటర్ వెనక్కి నడిచింది. హ్యాండ్‌బ్యాగ్ లోంచి కొత్త పలక తీసి ఖాళీ మేకుకు తగిలించింది.

వేయించిన ఆల్చిప్పలు.

కుజుహారా కురేలో పుట్టినవాడు. జూలైలో ఆల్చిప్పలా? ఇక్కడ ఇది నడి ఎండాకాలం, పాడైపోతాయని ఈ ఊళ్లో వాటిని ఎవరూ ముట్టరు. అంటే సిగ్నల్ అదే. అమ్ముడుపోయింది షిజునే.

అతను లేచేసరికే ఆమె పిస్టల్ అవ్వ డొక్కకు ఆనింది.

“కూర్చో కుజుహారా. ఒక్క నిమిషమే.”

తొమె అవ్వ పిస్టల్ వంక చూడనైనా లేదు. పలక వంకే చూసింది. “తీసెయ్ అమ్మాయ్. ఈ నెల్లో ఇది నా గోడ మీద ఉండదు.”

“నోర్మూసుకో ముసలిదానా. కాలుస్తా.”

“కాల్చుకో. నలభై ఏళ్లలో నేను వండనిది ఈ గోడ ఎక్కలేదు.”

చెయ్యి చాపి పలకను వెనక్కి తిప్పేసింది.

అక్కడ పలక తిప్పారంటే ఆ వంటకం అయిపోయినట్టే. నెల రోజులుగా అక్కడే తిన్న షూటర్‌కు అది తెలుసు. ఆపరేషన్ క్యాన్సిల్ అనుకుని రైఫిల్ వెనక్కి లాగాడు. హోటల్లో ఒక కర్టెన్ కదిలింది.

“మూడో అంతస్తు, ఎడమ నుంచి నాలుగో కిటికీ,” డబ్బాలోకి అన్నాడు కుజుహారా. షిజునే అటు తల తిప్పింది. ఆ క్షణంలోనే ఆమె మణికట్టు అతని పట్టులో చిక్కింది.

సైరన్ మోగింది. తుపాకీ మోగలేదు.

“అవ్వా, పన్నెండయింది. నా చేపేదీ?” అన్నాడు మిబు.

“వస్తోంది. గోల చెయ్యకు.”

అవ్వ ఆ పలకను పొయ్యిలో పడేసి, బేడీలతో వెళ్తున్న షిజునేను పిలిచింది.

“అంత తినాలనుంటే నవంబర్లో రా. జైలువాళ్లు వదిలితే.”